756వ హోమ్ రన్: చప్పట్లు ఎందుకు చీలిపోయాయి?

2007 ఆగస్టు 7 రాత్రి. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కూ వాషింగ్టన్ నేషనల్స్‌కూ మధ్య బేస్‌బాల్ మ్యాచ్. ఐదో ఇన్నింగ్స్‌లో మైక్ బాక్సిక్ వేసిన బంతిని 43 ఏళ్ల బ్యారీ బాండ్స్ బలంగా బాదాడు. అది సుమారు 435 అడుగులు ఎగిరి జనం మధ్యలో పడింది. బాండ్స్ రెండు చేతులూ పైకెత్తి నిలబడిపోయాడు. అది అతని కెరీర్‌లో 756వ హోమ్ రన్. 1976 నుంచి ఎవరికీ అందని హ్యాంక్ ఆరన్ రికార్డు, 755, ఆ దెబ్బతో రెండో స్థానానికి జారింది. స్టేడియం హోరెత్తింది, బాణసంచా పేలింది, ఆట కాసేపు ఆగింది.

ఉండాల్సిన ఇద్దరు మాత్రం అక్కడ లేరు. పాత రికార్డు సొంతదారు ఆరన్ రాలేదు. ముందే తీసి ఉంచిన అతని వీడియో సందేశాన్ని పెద్ద తెర మీద చూపించారు. అందులో ఆరన్ బాండ్స్‌ను మర్యాదగా అభినందించి ఊరుకున్నాడు. లీగ్ కమిషనర్ బడ్ సెలిగ్ కూడా రాలేదు. మూడు రోజుల ముందు శాన్‌డియేగోలో బాండ్స్ 755ను అందుకున్నప్పుడు ఆయన స్టేడియంలోనే ఉన్నారు. చుట్టూ సగంమంది చప్పట్లు కొడుతున్నారు, సగంమంది గేలి చేస్తున్నారు. సెలిగ్ లేచి నిలబడ్డారు గానీ చేతులు ప్యాంటు జేబుల్లోంచి బయటకు రాలేదు.

ఆటలో అన్నిటికన్నా పెద్ద రికార్డు మారుతుంటే ఆ ఆట పెద్దకే చప్పట్లు కొట్టాలో వద్దో తేలని పరిస్థితి ఎందుకు వచ్చింది? ఎవర్నడిగినా ఒక్క మాటలో తేల్చేస్తారు: స్టెరాయిడ్లు. ఆ మాట అబద్ధం కాదు. కానీ అది సగం జవాబే. అవే ఆరోపణలు విన్న జనం ఒక ఊళ్లో బాండ్స్‌ను నెత్తిన పెట్టుకున్నారు, పక్క ఊళ్లో దుమ్మెత్తిపోశారు. నల్లజాతి అభిమానులు ఒకలా చూశారు, తెల్లజాతి అభిమానులు మరోలా చూశారు. ఈ తేడాలు మందుల వల్ల వచ్చినవి కావు. మిగతా సగం జవాబు అక్కడే ఉంది.

సంఖ్యల మీద నడిచే ఆట

బేస్‌బాల్ పరిచయం లేనివారి కోసం ముందుగా రెండు ముక్కలు. పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ కంచె దాటేలా కొడితే హోమ్ రన్. మన సిక్సర్‌కు దగ్గరి చుట్టమే, కానీ అంత తరచుగా రాదు. పరుగు రావాలంటే బ్యాటర్ వరసగా చుట్టిరావాల్సిన మజిలీలే బేస్‌లు. ఒక్కో జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అన్ని మ్యాచ్‌లలో కలిపి 40 హోమ్ రన్‌లు కొట్టినవాణ్ని ఆ ఏటి మేటి బ్యాటర్లలో ఒకడిగా లెక్కేస్తారు. ఆ లెక్కన 755కు చేరాలంటే ఏటా 40 చొప్పున దాదాపు 19 ఏళ్లు కొట్టాలి. ఆరన్ 1954 నుంచి 1976 దాకా 23 సీజన్లు ఆడి అక్కడికి చేరాడు. ఏ సీజన్‌లోనూ 50 దాటలేదు. ఎక్కడా ఆగని నిలకడే అతని బలం.

ఈ ఆటను తరాల తరబడి ఇళ్లలో సంఖ్యలతోనే చెప్పుకుంటూ వచ్చారు. 1927లో బేబ్ రూత్ ఒకే సీజన్‌లో కొట్టిన 60, అతను ఆట మానేసేనాటికి మిగిల్చిన 714, తర్వాత ఆరన్ 755. ఆట ఎప్పుడో ఒకసారి చూసే అమెరికన్లకు కూడా ఈ అంకెలు కంఠతా ఉండేవి. అందుకే వాటిలో ఒకటి మారబోతుంటే అది ఆట పేజీ వార్తగా మిగలదు. తాత చెప్పిన కథలో ఎవరో వేలు పెట్టినట్టు అనిపిస్తుంది.

రికార్డు మారినప్పుడల్లా గొడవే

బాండ్స్ విషయంలో జనం ముఖం చిట్లించడం వింతగా కనిపిస్తుంది గానీ, అంతకుముందు రూత్ అంకెలు పోయిన రెండుసార్లూ జరిగింది అదే.

1961లో న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు రోజర్ మేరిస్ రూత్ 60ని దాటే దారిలో పడ్డాడు. అదే జట్టులో మికీ మ్యాంటిల్ కూడా పోటీలో ఉన్నాడు. జనానికి మ్యాంటిల్ అంటే ప్రాణం. మేరిస్ మితభాషి, విలేకరులతో కలవలేడు, యాంకీస్‌లోకి వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. పైగా రూత్ కాలంలో సీజన్‌కు 154 మ్యాచ్‌లైతే ఆ ఏడాది 162 చేశారు. అప్పటి కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్ ఒకప్పుడు రూత్ పేరుతో వ్యాసాలు రాసిపెట్టిన పాత్రికేయుడు. 154 మ్యాచ్‌లలోపు 60 దాటకపోతే ఆ రికార్డును విడిగా చూపించాలని ఆయన తేల్చారు. ఒత్తిడికి మేరిస్ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. సీజన్ చివరి రోజు, అక్టోబరు 1న, 61వది కొట్టాడు. ఆ రోజు యాంకీ స్టేడియానికి వచ్చింది 23,154 మందే. రికార్డు పక్కన నక్షత్రపు గుర్తు పెట్టారని జనం నేటికీ చెప్పుకుంటారు. నిజానికి ఏ అధికారిక పుస్తకంలోనూ అలాంటి గుర్తు వేయలేదు. వేరుగా చూపించే పద్ధతిని 1991లో రద్దు చేశారు. మేరిస్ 1985లోనే కన్నుమూశాడు.

ఆరన్ కథ ఇంకా చేదు. 1973 సీజన్ ముగిసేసరికి అతని లెక్క 713. రూత్‌ను దాటడానికి రెండు చాలు. తెల్లవారు మాత్రమే ఆడే లీగ్‌లో రూత్ పెట్టిన రికార్డును నల్లజాతి ఆటగాడు అందుకోబోతున్నాడు. ఆ ఏడాది ఆరన్‌కు దాదాపు 9,30,000 ఉత్తరాలు వచ్చాయి. మెచ్చుకున్నవి చాలానే ఉన్నాయి. చంపేస్తామన్నవీ, నోటికి రాని తిట్లతో నిండినవీ కట్టలకొద్దీ ఉన్నాయి. అట్లాంటా పోలీసు ఒకరు బైనాక్యులర్ సంచిలో తుపాకీ పెట్టుకుని స్టేడియంలో కాపలా కాసేవాడు. 1974 ఏప్రిల్ 8న ఆరన్ 715వది కొట్టి బేస్‌ల చుట్టూ పరుగు తీస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు గ్యాలరీ దూకి వచ్చి భుజం తట్టారు. ఆ క్షణంలో చూస్తున్నవాళ్ల గుండె గుభేలుమంది. అప్పటి కమిషనర్ బౌవీ కూన్ ఆ మ్యాచ్‌కు రాలేదు.

మేరిస్, ఆరన్, బాండ్స్. ముగ్గురికీ జరిగింది ఒకటేలా ఉంది. కారణాలు మాత్రం ఒకటి కాదు. మేరిస్ ‘మనవాడు’ కాడన్న చిరాకు. ఆరన్ విషయంలో అచ్చమైన జాతి ద్వేషం. బాండ్స్ మీద అనుమానానికి గట్టి ఆధారాలున్నాయి. అయితే పాత కారణాల నీడ కూడా దాని మీద పడింది. ఏది ఆధారమో ఏది నీడో విడదీయడమే ఇక్కడ కష్టం.

చూసీ చూడనట్టు వదిలేసిన రోజులు

1994 ఆగస్టులో ఆటగాళ్లు సమ్మె కట్టారు. ఆ ఏడాది ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయింది. కోపం వచ్చిన జనం స్టేడియాలకు రావడం తగ్గించేశారు. నాలుగేళ్ల తర్వాత వాళ్లను వెనక్కి తెచ్చింది హోమ్ రన్‌లే. 1998 వేసవిలో మార్క్ మెగ్వైర్, సామీ సోసా మేరిస్ 61 కోసం పోటీ పడ్డారు. ఒకరు 70, ఇంకొకరు 66 కొట్టారు. దేశమంతా ఊగిపోయింది. ఆ ఆగస్టులో ఒక విలేకరి మెగ్వైర్ లాకర్‌లో ఆండ్రోస్టెనెడియోన్ సీసా చూసి ఆ సంగతి రాశాడు. శరీరంలో టెస్టోస్టెరాన్‌ను పెంచే మందు అది. ఒలింపిక్స్‌లో నిషేధం, బేస్‌బాల్‌లో లేదు. మందు వాడినవాణ్ని వదిలేసి, రాసినవాడి మీదే చాలామంది విరుచుకుపడ్డారు. పండగ చెడగొట్టొద్దన్నారు. తాను స్టెరాయిడ్లు వాడినట్టు 2010లో మెగ్వైర్ స్వయంగా ఒప్పుకున్నాడు.

అప్పటికి బాండ్స్ ఎక్కడున్నాడు? అతని తండ్రి బాబీ బాండ్స్ పేరున్న ఆటగాడు. మహా ఆటగాడు విల్లీ మేస్ అతనికి గాడ్‌ఫాదర్. 1990, 1992, 1993లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి గెలిచాడు. 1998 ఆగస్టులో 400 హోమ్ రన్‌లు, 400 బేస్ దొంగతనాలు (పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కు పరుగెత్తడం) రెండూ ఉన్న తొలి ఆటగాడయ్యాడు. మెగ్వైర్, సోసాల హోరులో ఆ వార్త ఎవరి కంటికీ ఆనలేదు. అదే ఏడాది మే 28న జరిగిన ఒక ముచ్చట చూస్తే అతనంటే ఎంత భయమో తెలుస్తుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, మూడు బేస్‌లలోనూ జెయింట్స్ ఆటగాళ్లున్నారు, అరిజోనా 8–6తో ముందుంది. బ్యాటింగ్‌కు బాండ్స్ వచ్చాడు. అరిజోనా మేనేజర్ బక్ షోవాల్టర్ కావాలని నాలుగు బంతులు దూరంగా వేయించి బాండ్స్‌ను ఊరికే మొదటి బేస్‌కు పంపించేశాడు. దాంతో బేస్‌లలో ఉన్నవాళ్లు ఒక్కో బేస్ ముందుకు జరిగి, ఒక పరుగు ప్రత్యర్థికి చేజేతులా ఇచ్చినట్టయింది. అయినా పర్వాలేదనుకున్నాడు. తర్వాతి బ్యాటర్‌ను ఔట్ చేసి 8–7తో గెలిచాడు.

ఇది గుర్తుంచుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పాత్రికేయులు మార్క్ ఫైనారూ–వాడా, లాన్స్ విలియమ్స్ 2006లో తెచ్చిన పుస్తకం ప్రకారం బాండ్స్ మందుల జోలికి వెళ్లింది 1998 సీజన్ తర్వాతే. తనకన్నా తక్కువవాళ్లు మందుల బలంతో కీర్తి కొట్టేస్తున్నారన్న అసూయే దానికి కారణమని వాళ్లు రాశారు. అదే నిజమైతే, ఈ కథలో మామూలు ఆటగాడు గొప్పవాడి వేషం కట్టలేదు. అప్పటికే గొప్పవాడైనవాడు మిగిలింది కూడా తనకే కావాలనుకున్నాడు. బాండ్స్ అంటే కోపం ఉన్నవాళ్లకు మరింత కోపం తెప్పించేది, అభిమానులకు మరింత బాధ కలిగించేది ఈ సంగతే.

2001లో బాండ్స్‌కు 37 ఏళ్లు నిండాయి. ఆ వయసులో అందరి ఆటా తగ్గుతుంది. అతను మాత్రం 73 హోమ్ రన్‌లు కొట్టి మెగ్వైర్ రికార్డును చెరిపేశాడు. అంతకుముందు అతని అత్యధికం 49. ఆ ఏడాది నుంచి 2004 దాకా వరసగా నాలుగేళ్లు అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనిదే. 2004లో ప్రత్యర్థులు 120 సార్లు కావాలనే అతనికి ఆడే బంతి ఇవ్వకుండా బేస్‌కు పంపేశారు. మనిషి కూడా మారిపోయాడు. బక్కపలచని కుర్రాడి స్థానంలో కండలు తిరిగిన భారీ శరీరం. చూసినవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు.

సిరంజిలో దొరికిన మందు

గుసగుస కేసుగా మారింది 2003లో. ఆ జూన్‌లో ఒక పరుగుపందేల కోచ్ వాడేసిన సిరంజిని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థకు పంపాడు. దాని అడుగున మిగిలిన చుక్కను లాస్ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ప్రయోగశాలలో డాన్ క్యాట్లిన్ బృందం విడదీసి చూసింది. అది టీహెచ్‌జీ. అప్పటి పరీక్షల్లో ఎక్కడా దొరక్కుండా తయారుచేసిన స్టెరాయిడ్. వాడేవాళ్లు దాన్ని ‘ది క్లియర్’ అనేవారు, నాలుక కింద వేసుకునేవారు. ఒంటికి రాసుకునే టెస్టోస్టెరాన్ లేపనం ‘ది క్రీమ్’. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బర్లింగేమ్‌లో విక్టర్ కాంటే నడిపే బాల్కో అనే సంస్థ నుంచి ఇవి వస్తున్నాయని తేలింది. సెప్టెంబరు 3న అధికారులు అక్కడ సోదాలు చేశారు. బాండ్స్ సొంత ట్రైనర్ గ్రెగ్ ఆండర్సన్ పేరు అందులో బయటపడింది.

డిసెంబరులో బాండ్స్, కేసు పెట్టాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఏడాది తర్వాత ఆ వాంగ్మూలం పత్రికకెక్కింది. ఆండర్సన్ ఇచ్చినవి వాడానని, అవి అవిసె నూనె, కీళ్లనొప్పుల మందు అనుకున్నానని అతను చెప్పాడు. తెలిసి స్టెరాయిడ్లు వాడలేదన్న మాట మీదే నిలబడ్డాడు. ప్రపంచస్థాయి ఆటగాడు తన ఒంట్లోకి ఏం వెళ్తోందో అడగకుండా ఉంటాడా అన్నది జనం ప్రశ్న.

మరి లీగ్ ఏం చేసింది? స్టెరాయిడ్లు కూడదని 1991లోనే కమిషనర్ ఒక నోటు పంపారు. పరీక్షలే లేవు. ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు, యజమానులు గట్టిగా పట్టుబట్టలేదు. 2003లో పేర్లు బయటపెట్టని షరతు మీద తొలిసారి పరీక్షించారు. ఐదు శాతానికి మించి దొరికారు కాబట్టి 2004 నుంచి శిక్షలతో కూడిన పరీక్షలు వచ్చాయి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది. 2007 డిసెంబరులో మాజీ సెనెటర్ జార్జ్ మిచెల్ ఇచ్చిన నివేదికలో బాండ్స్‌తో కలిపి 89 మంది ఆటగాళ్ల పేర్లున్నాయి. కమిషనర్లు, యజమానులు, సంఘం, ఆటగాళ్లు అందరిదీ తప్పేనని మిచెల్ తేల్చారు.

ఒకే మనిషి, ఎన్నో చూపులు

ఇప్పుడు జనం దగ్గరకు వద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోకు బాండ్స్ అంటే రుణం. 1992లో జెయింట్స్ జట్టును ఫ్లోరిడాకు అమ్మేసే ఒప్పందం దాదాపు ఖాయమైంది. చివరి నిమిషంలో స్థానిక పెట్టుబడిదారులు జట్టును నిలబెట్టుకున్నారు, ఆ శీతాకాలమే బాండ్స్‌ను తెచ్చుకున్నారు. 2000లో సముద్రం ఒడ్డున కొత్త స్టేడియం వెలిసింది. అతను కుడివైపు గోడ దాటించి కొడితే బంతి నీళ్లలో పడేది. దాన్ని అందుకోవడానికి జనం చిన్న పడవల్లో కాచుకుని ఉండేవారు. ప్రత్యర్థి పిచర్ భయపడి బాండ్స్‌ను ఊరికే బేస్‌కు పంపినప్పుడల్లా ప్రేక్షకులు గోడకు ఒక్కో రబ్బరు కోడిని వేలాడదీసేవారు. పిరికివాణ్ని అక్కడ కోడి అంటారు. ఊరికి ఇంత సందడి తెచ్చినవాణ్ని ఎక్కడో జరుగుతున్న విచారణ కోసం వదులుకోవడానికి వాళ్ల మనసొప్పలేదు.

బయటి ఊళ్లలో కథ వేరు. 2006 సీజన్ తొలి రోజున శాన్‌డియేగోలో ఎవరో సూది లేని పెద్ద సిరంజిని మైదానంలోకి విసిరారు. బాండ్స్ దాన్ని గ్లౌతో తీసి పక్కన పారేశాడు. ఏ ఊరు వెళ్లినా నక్షత్రపు గుర్తు అట్టలు స్వాగతం పలికేవి. అదే శాన్‌డియేగోలో మరుసటి ఏడాది అతనికి 755వ హోమ్ రన్ ఇచ్చిన పిచర్ క్లే హెన్స్‌లీ 2005లో చిన్న లీగ్‌లో ఆడుతూ స్టెరాయిడ్ పరీక్షలో దొరికి 15 మ్యాచ్‌ల నిషేధం అనుభవించినవాడు. ఆ రాత్రి గేలి మాత్రం బ్యాటు పట్టినవాడికే. మందు ఒక్కటే కోపానికి కారణమైతే ఇద్దరికీ దక్కాల్సింది.

2007 వసంతంలో ఏబీసీ న్యూస్, ఈఎస్‌పీఎన్ కలిసి చేసిన సర్వేలో 52 శాతం బేస్‌బాల్ అభిమానులు బాండ్స్ రికార్డు కొట్టకూడదన్నారు, 37 శాతం కొట్టాలన్నారు. జాతి వారీగా విడదీస్తే అసలు చీలిక కనిపిస్తుంది. నల్లజాతి అభిమానుల్లో 74 శాతం కొట్టాలన్నారు, తెల్లజాతివారిలో 28 శాతమే. నల్లవారంతా మందులను సమర్థించారని దీని అర్థం కాదు. కొట్టాల్సిన రికార్డు కూడా నల్లజాతి ఆటగాడిదే. వాళ్ల మనసులో ఆరన్‌కు వచ్చిన ఉత్తరాలున్నాయి. మెగ్వైర్‌ను కౌగిలించుకున్న దేశం బాండ్స్‌ను బోనులో నిలబెట్టిందన్న అసంతృప్తి ఉంది. ‘స్వచ్ఛమైన రికార్డు’ అనే మాట మీదే వాళ్లకు అనుమానం. రూత్ 714 కొట్టిన కాలంలో ఎందరో గొప్ప నల్లజాతి పిచర్లకు ఆ లీగ్‌లో అడుగుపెట్టే హక్కే లేదు. 1960, 70లలో ఉత్సాహం కోసం మింగే యాంఫెటమిన్ మాత్రలు డ్రెస్సింగ్ రూముల్లో మామూలు విషయం. వాటికి బేస్‌బాల్‌లో పరీక్షలు మొదలైంది 2006లో.

అయితే తెల్లవారి కోపమంతా జాతి ద్వేషమే అనడం కూడా తొందరపాటే. ఆరన్ కూడా నల్లవాడే. అతని పేరు పక్కకు జరగకూడదనే ఎందరో కోరుకున్నారు. బాండ్స్ స్వభావం కూడా అతనికి కలిసిరాలేదు. విలేకరులను కసిరేవాడు, అభిమానులకు దూరంగా ఉండేవాడు, డ్రెస్సింగ్ రూములో తనకంటూ వాలుకుర్చీ, పెద్ద టీవీ పెట్టుకున్నాడు. తండ్రిని పత్రికలు వేధించాయన్న మంట చిన్నప్పటినుంచీ ఉంది. నవ్వుతూ పలకరించేవాడి తప్పును జనం సగం మాఫీ చేస్తారు, ముఖం తిప్పుకునేవాడి తప్పుకు వడ్డీ వేస్తారు. మేరిస్ కూడా ఆ వడ్డీ కట్టినవాడే, మందు ముట్టకుండా.

బంతికి ఓటేసిన జనం

ఈ చీలికను కళ్లకు కట్టినట్టు చూపించింది 756వ బంతి. దాన్ని పట్టుకున్న న్యూయార్క్ కుర్రాడు వేలంలో అమ్మితే 7,52,467 డాలర్లు పలికింది. కొన్నది ఫ్యాషన్ డిజైనర్ మార్క్ ఎకో. కొని, దీన్ని ఏం చేద్దామో మీరే చెప్పండని జనాన్ని అడిగాడు. మూడు దారులిచ్చాడు: నక్షత్రపు గుర్తు వేసి కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి ఇవ్వడం, ఏ గుర్తూ లేకుండా ఇవ్వడం, రాకెట్‌లో పెట్టి అంతరిక్షంలోకి పంపేయడం. ఇంటర్నెట్‌లో కోటి దాకా ఓట్లు పడ్డాయి. 47 శాతం గుర్తు వేయమన్నారు, 34 శాతం వద్దన్నారు, 19 శాతం రాకెట్ ఎక్కించమన్నారు. ఆ బంతి తోలులో నక్షత్రం కోసి 2008లో మ్యూజియానికి అప్పగించారు. ఇవాళ్టికీ అది అక్కడిదే.

నక్షత్రం గెలిచిందని అందరూ రాశారు. ఓట్లను ఇంకోలా కూడితే మరో సంగతి తెలుస్తుంది: గుర్తు వేయాలన్నవాళ్లు సగానికి తక్కువే. ఇది శాస్త్రీయమైన సర్వే కాదు, సరదా పోటీ. అయినా ఒక కోరిక మాత్రం బయటపడింది. లీగ్ చేయని పని ఎవరో ఒకరు చేయాలని జనం చూస్తున్నారు. అధికారిక పుస్తకంలో 756 పక్కన, అతను ఆట ముగించిన 762 పక్కన ఏ గుర్తూ లేదు. తీర్పు చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే జనం చేతికందిన వస్తువు మీదే తీర్పు రాసేస్తారు.

కోర్టుది ఒక మాట, ఓటర్లది ఇంకో మాట

2007లో బాండ్స్ 28 హోమ్ రన్‌లు కొట్టాడు, తన లీగ్‌లో అందరికన్నా ఎక్కువ శాతం బేస్ చేరాడు. అయినా మరుసటి ఏడాది అతన్ని ఒక్క జట్టూ తీసుకోలేదు. గ్రాండ్ జ్యూరీకి అబద్ధం చెప్పాడని, న్యాయానికి అడ్డుపడ్డాడని నవంబరులో కేసు పెట్టారు. ఆండర్సన్ సాక్ష్యం చెప్పనని భీష్మించి జైలుకే వెళ్లాడు. 2011 విచారణలో క్లియర్, క్రీమ్ వాడిన మాట నిజమేనని, అవేమిటో అప్పుడు తెలియదని బాండ్స్ లాయరే అన్నారు. అబద్ధం చెప్పాడన్న మూడు అభియోగాల మీద జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. అడ్డుపడ్డాడన్న ఒక్క అభియోగమే నిలిచింది. అది కూడా విచిత్రమైన సందర్భంలో. ఆండర్సన్ ఎప్పుడైనా ఇంజెక్షన్ చేసుకునే మందు ఇచ్చాడా అని అడిగితే, ప్రముఖుడి కొడుకుగా పెరగడం ఎలా ఉంటుందో చెప్పుకుంటూ పోయాడు. ఆ సొద న్యాయానికి అడ్డంకి అన్నది కేసు. 2015లో అప్పీలు కోర్టు 10–1 తేడాతో ఆ తీర్పును కొట్టేసింది. చట్టం దృష్టిలో బాండ్స్ దోషి కాడు.

హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్ల దృష్టి వేరు. ఎవరికి చోటివ్వాలో పదేళ్లకు పైబడి రాస్తున్న బేస్‌బాల్ పాత్రికేయులు ఏటా ఓటేస్తారు, 75 శాతం రావాలి. ఆటతోపాటు నిజాయితీ, నడవడిక కూడా చూడాలని నిబంధన. బాండ్స్‌కు 2013లో 36.2 శాతం వచ్చాయి. తర్వాతి ఏళ్లలో పెరిగినా పదోదీ చివరిదీ అయిన 2022 ఓటింగ్‌లో 66 దగ్గర ఆగిపోయాడు. తర్వాత ప్రత్యేక కమిటీలు కూడా తోసిపుచ్చాయి. 2025 డిసెంబరులో అలాంటి కమిటీయే జెఫ్ కెంట్‌ను ఎంపిక చేసింది. 2002లో మ్యాచ్ మధ్యలో డగౌట్‌లోనే బాండ్స్‌తో కలియబడ్డ పాత సహచరుడే అతను. బాండ్స్‌కు ఐదు ఓట్లు కూడా రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం 2018లోనే అతని 25వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది.

మూడు ప్రశ్నలు, మూడు జవాబులు

ఈ గందరగోళమంతా మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకే మూటలో కట్టడం వల్ల వచ్చింది.

మొదటిది: మందు వాడాడా? ఇది ఆధారాలు చెప్పాల్సిన విషయం. ఊరు, జాతి, మనిషి స్వభావం దీనికి సాక్ష్యం కావు. వాడాడనే చెప్పాలి. అతని లాయరు మాటే చాలు. తెలిసి వాడాడా అన్నది కోర్టులో తేలలేదు.

రెండోది: 762 నిలుస్తుందా? నిలుస్తుంది. కొట్టిన బంతి కంచె దాటింది, ఆ మ్యాచ్‌లలో గెలుపోటములు లెక్కకెక్కాయి. పరీక్షలు పెట్టని లీగ్ ఇరవై ఏళ్ల తర్వాత అంకెను చెరిపితే, మందు వాడిన పిచర్లు చేసిన ఔట్లను కూడా ఏరి చెరపాలి. అది జరిగే పని కాదు. రికార్డు పుస్తకం పద్దు పుస్తకం. దానితో పాపపుణ్యాల లెక్క రాయించాలని 1961లో ఫ్రిక్ ప్రయత్నించారు, ముప్పై ఏళ్లకు లీగే ఆ పని వెనక్కి తీసుకుంది.

మూడోది: గౌరవించాలా? ఇది ఎవరికి వారు చెప్పుకోవాల్సిన జవాబు. 762 అంకెను ఒప్పుకుంటూనే ఆరన్‌ను అసలు రాజుగా తలుచుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. అందులో వైరుధ్యమేమీ లేదు. కానీ గౌరవాన్ని పంచే సంస్థకు ఆ స్వేచ్ఛ లేదు, దానికి అందరికీ ఒకటే కొలత ఉండాలి. స్టెరాయిడ్ల కాలమంతా కమిషనర్ కుర్చీలో కూర్చున్న సెలిగ్‌ను 2017లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 1998 టిక్కెట్ల డబ్బు లెక్కపెట్టుకున్నవాళ్ల మీద ఎవరూ సిరంజి విసరలేదు. తిలాపాపం తలా పిడికెడు అన్నప్పుడు బాండ్స్ పిడికెడు అతను మోయాల్సిందే. అతన్ని బయట నిలబెట్టడానికి కారణాలున్నాయి. ఆ కారణాలనే కమిషనర్‌కూ వర్తింపజేసి ఉంటే అది న్యాయం అనిపించుకునేది. ఇప్పుడు అది పాత కోపం తీర్చుకున్నట్టే కనిపిస్తోంది.